బోర్లాపడిన ఎర్ర పడవ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక గిన్నె బోర్లించాలన్నా ముందు సముద్రం వైపు చూడాల్సి వచ్చేది. మాది మైపాడుకు దిగువన ఒక చిన్న పాళెం. మగవాళ్ళు చేపల వేటకు వెళ్ళి వాళ్ళ పడవ మళ్ళీ ఇసుక తాకేదాకా ఇంట్లో ఏ వస్తువూ బోర్లా ఉండకూడదు. కడిగిన చట్టిని గోడకు ఒరిగించి పెట్టాలి. చాట తిరగేసి పెట్టకూడదు. వాకిట్లో చెప్పు బోర్లాపడి ఉంటే అది ఎవరిదైనా సరే, పరుగెత్తి సరిచేయాలి. ఇంట్లో బోర్లాపడింది నీళ్ళ మీదా బోర్లాపడుతుందని మా నమ్మకం. అన్నిటికంటే ఇబ్బంది మా కోళ్ళకు. పొద్దుగూకితే అందరి కోళ్ళనూ గంప కింద మూసేస్తారు. గంప మూయడమంటే బోర్లించడమే కదా. పడవ ఆలస్యమైన రోజున మా కోళ్ళు గంప లేక వంటింట్లో దూరేవి. ముంగిస వచ్చి ఒకదాన్ని ఎత్తుకుపోయేది. మర్నాడు మా అవ్వ ముంగిసనూ, సముద్రాన్నీ, కొడుకులనూ కలిపి ఒకే గుక్కలో తిట్టేది.

ఇప్పటి పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళు పరీక్షకు వెళ్ళేటప్పుడు ఏ చొక్కా వేసుకుంటారో, ఏ పెన్ను వెతుక్కుంటారో నేనూ చూస్తూనే ఉన్నాను.

మా అవ్వ అంటే మా నాయనకు అమ్మ. ఆమె నోరు పాళెమంతా ఎరిగిందే. నెత్తిన గంపతో ఊళ్ళ మీద చేపలమ్ముకొచ్చే మనిషి, బేరంలో ఆమెను గెలిచినవాళ్ళు లేరు. బావి దగ్గర తగాదా వస్తే ఎదుటివాళ్ళ తాతముత్తాతలను కిందికి దించి కడిగేది. అంతటి మనిషికి ఒక్క మాటకు మాత్రం జవాబు ఉండేది కాదు. తగాదా బాగా ముదిరినప్పుడు ఎవరో ఒక ముసలామె, "పోయే, కడవ బోర్లేసినదానా" అనేది. అంతటితో మా అవ్వ నోరు మూతపడేది. సగం నిండిన బిందెనే ఎత్తుకుని ఇంటికి వచ్చేసేది. ఆ మాటకు అర్థం ఏమిటని అమ్మను అడిగితే నా వీపు మీద ఒకటి వేసింది. అర్థం తెలియలేదు కానీ అడగకూడనిదని తెలిసింది.

మా పక్కిల్లు ఎండుచేపల సాయిబు గారిది. మా దగ్గర ఎండుచేపలు కొని నెల్లూరుకు పంపేవారు. పాళెంలో పెంకుటిల్లు వాళ్ళదొక్కటే, రేడియో ఉన్నదీ వాళ్ళింట్లోనే, ముస్లిం కుటుంబమూ వాళ్ళదొక్కటే. మంచి మనుషులు. రంజానుకు వాళ్ళింటి సేమ్యా మా వీధి చివరి దాకా వచ్చేది. కానీ వాళ్ళ బతుకంతా మా వాళ్ళ మంచితనం మీద ఆధారపడి ఉండేది. పాళెంవాళ్ళు మొహం తిప్పుకుంటే ఎండుచేపలు వేరే వ్యాపారికి వెళతాయి, వీళ్ళు మూటాముల్లె సర్దుకోవాలి. ఆ సంగతి ఆ ఇంట్లో పిల్లకు కూడా తెలుసు. ఆ పిల్లనే నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. ఎవరేమన్నా ఎదురు చెప్పేది కాదు, మెత్తగా నవ్వి పక్కకు తప్పుకునేది. నాతో ఒక్కదానితోనే గట్టిగా మాట్లాడేది, నా జడ పట్టుకుని లాగేది, ఆటలో తొండి చేశానని దెబ్బలాడేది. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం.

అక్క మేనమామ మద్రాసు నుంచి దూరదేశాలకు వెళ్ళే ఓడలో వంటవాడు. ఒకసారి ఆయన అక్కకు ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. మూత తీసి లోపలి అట్ట మడత విప్పితే నీలం రంగు సముద్రం, దాని మీద గళ్ళు గళ్ళుగా దారి, నడుమ గిరగిరా తిరిగే ఇనుప ముల్లు. వేలెడంత ప్లాస్టిక్ పడవలు నాలుగు, ఒక్కొక్కటి ఒక్కో రంగు. మూత మీద తెల్లగడ్డం ఓడ కెప్టెన్ బొమ్మ ఉంది. ఆ బొమ్మ చుట్టూ పెట్టెలాంటి చట్రం, కింద రెండు మరలు. అది టెలివిజన్ అని మామ చెప్పాడట. ఆ దేశంలో ఇంటింటికీ అలాంటి పెట్టె ఉంటుందట, రేడియోలాగా మాట్లాడుతుందట, మాట్లాడే మనిషి కూడా కనబడతాడట. ఈ కెప్టెన్ వారానికొకసారి ఆ పెట్టెలోకి వచ్చి తుఫానులు దాటుకుంటూ వెళతాడట. పిల్లలు అన్నం మానేసి చూస్తారట. చూసిన పిల్లలు మిగతా రోజుల్లో ఊరుకోలేరని వాళ్ళ కోసం ఈ ఆట చేశారట.

మా పాళెంలో అప్పటికి కరెంటు దీపమే లేదు. అంత గడ్డం మనిషి పెట్టెలో ఎలా పడతాడని నేను అడిగాను. వారమంతా బయట పని చేసుకుని ఆ ఒక్కరోజు ముడుచుకుని దూరతాడేమోనని అక్క అంది. మా అవ్వ మూత చేతిలోకి తీసుకుని ఆ కెప్టెన్‌ను చాలాసేపు చూసింది. "ఈయప్ప యాడ సముద్రంలోకి పోయినాడు? చేతులు చూడండి, ఆడపిల్ల చేతుల మాదిరుండాయి" అని తేల్చేసింది.

ఆట సులువే. ముల్లు తిప్పి, అది చూపించిన అంకె ప్రకారం పడవ జరుపుకుంటూ సముద్రమంతా చుట్టి, బయలుదేరిన రేవుకే మళ్ళీ చేరాలి. కానీ దారిలో ఒకచోట సుడిగుండం గడి ఉండేది. అందులో పడినవాళ్ళు తమ పడవను బోర్లించి కూర్చోవాలి. వాళ్ళంతట వాళ్ళు మళ్ళీ తిప్పుకోకూడదు. ఇంకొకరి పడవ వచ్చి సరిగ్గా ఆ గడిలో ఆగి, వాళ్ళు తిప్పితేనే లేవాలి. ఆ దేశం పిల్లలకు అది తమాషా. నేను మాత్రం నా పడవను గుప్పిట్లో దాచేసుకున్నాను. మా నాయన పడవ ముక్కుకు ఎర్రరంగు వేసి ఉండేది కాబట్టి ఎర్ర పడవ నాది, అంటే మా నాయనది. దాన్ని బోర్లించమంటే ఎలా? అక్క నా మొహం చూసి వెంటనే ఒక దారి చెప్పింది. మా నాయన నీళ్ళ మీద ఉన్న రోజున పడవ బోర్లించం, దాని మీద ఒక గవ్వ పెడతాం. నాయన ఒడ్డున ఉన్న రోజున ఆట ప్రకారం బోర్లిస్తాం. ఆ ఒప్పందం మేమిద్దరం ఎన్నడూ తప్పలేదు.

కార్తీకంలో ఒకరోజు రేడియోలో వాయుగుండం అని చెప్పారు. సాయిబు గారు పాళెమంతా తిరిగి ఆ కబురు చెప్పి, తన పని మీద నెల్లూరు వెళ్ళారు. మగవాళ్ళు పడవలన్నీ సరుగుడు తోపు దాకా ఈడ్చి కట్టేశారు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆకాశం మసిబారి ఉంది. ఇలాంటి రోజున ఎవరు వేటకు వెళతారు? చద్దన్నం తిని, చినుకు పడకముందే అక్క వాళ్ళ పంచలోకి పరుగెత్తాను. మా అవ్వ అప్పటికే అక్కడ చేరి, మాకు వీపు పెట్టి కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. ఎప్పుడూ ఆమె చేతికంటే నోరు ఎక్కువ పని చేసేది. ఆ రోజు ఒక్క మాటా లేదు. ఆ సంగతి నేను పట్టించుకోలేదు.

నాకు తెలియనిదేమంటే, మా నాయన, చిన్నాయన తెల్లవారకముందే పడవ దించుకుని వెళ్ళారు. ముందురోజు సముద్రంలో వేసిన వల అక్కడే ఉండిపోయింది. గాలి ముదిరితే వల పోతుంది, వల పోతే ఆ ఏడాది తిండి పోయినట్టే. గాలికంటే ముందే వచ్చేస్తామని అవ్వకు చెప్పి వెళ్ళారట. ఆమె వద్దందట, వాళ్ళు వినలేదట. చెబితే నేను ఏడ్చి గోల చేస్తానని నాకు చెప్పలేదు.

మేము ఆడుకుంటున్నాం. నేను ముల్లు తిప్పాను. ఎర్ర పడవ సరిగ్గా సుడిగుండంలో పడింది. నాయన ఒడ్డున ఉన్నాడు కదా, గవ్వ అక్కర్లేదని ఇద్దరికీ ఒకటే ఆలోచన. అక్క నవ్వుతూ చెయ్యి చాచి నా పడవను బోర్లించి, దాని వీపు మీద వేలితో టక్కుమని ఒకటి కొట్టింది. నేను మూతి ముడిచాను. ఆ చప్పుడుకో ఏమో అవ్వ వెనక్కి తిరిగింది. అట్ట మీదకు చూసింది. ఆమె చేతిలో చేప కింద పడటం నాకు గుర్తుంది. నెమ్మదిగా లేచి మా దగ్గరికి వచ్చింది. ఏం చెప్పబోయిందో తెలియదు, ఆమె నోరు తెరిచేలోపే వాకిట్లో ఆడవాళ్ళు బిలబిలా వచ్చి పడ్డారు.

ముందు మా చిన్నమ్మ. అంటే మా చిన్నాయన భార్య. పెళ్ళయి ఎక్కువ రోజులు కాలేదు, కడుపుతో ఉంది. చీరంతా తడిసి, జుట్టు విడిపోయి ఉంది. వెనక మా అమ్మ, ఇంకా ఇరుగుపొరుగు. పొద్దెక్కినా పడవ జాడ లేదని, గాలి సంగతి రేడియోలో ఏమైనా చెబుతారేమోనని వచ్చారు. వాళ్ళ మాటలను బట్టే నాయన సముద్రం మీద ఉన్నాడని నాకు తెలిసింది. నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూసింది. ఇద్దరం ఒకేసారి ఎర్ర పడవ వైపు చూశాం. మా కళ్ళ వెంటే చిన్నమ్మ కళ్ళు కూడా అక్కడికి వెళ్ళాయి.

పెంకుల మీద గాలి ఒక్కటే మోగుతోంది. చిన్నమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. సన్నగా అడిగింది. "ఎవురు బోర్లేసినారు దాన్ని?"

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. లోపలి గుమ్మంలో వాళ్ళమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆ వయసులో నాకు లోకం తెలియదు కానీ, అక్క ఇప్పుడు నోరు తెరిస్తే ఏమవుతుందో మాత్రం తెలిసిపోయింది. పడవ రాకపోతే, ఆ ఇల్లు ఇక్కడ ఉండదు. ఎక్కడికి వెళ్ళినా, ఇద్దరు మగవాళ్ళ ప్రాణం తీసిన పిల్ల అనే పేరు ఆమె కంటే ముందు ఆ ఊరు చేరుతుంది. అక్క పెదవి కదిలింది. చెప్పేస్తుందని నాకు అర్థమైంది, అబద్ధం ఆడే పిల్ల కాదు.

"నేనే" అంది మా అవ్వ.

అందరూ అటు తిరిగారు. "నేనే బోర్లేసినా. పిలకాయలతో ఆడతా ఉండా. ముల్లు తిప్పితే గుండంలో పడింది. ఆటలో అట్టా చెయ్యాలంట, చేసినా" అంది. నేను కాదని చెప్పబోయాను. ఆమె నా పక్కనే నిలబడి ఉంది కదా, కాలి బొటనవేలితో నా పాదం మీద ఎంత గట్టిగా నొక్కిందంటే నా మాట గొంతులోనే కరిగిపోయింది.

చిన్నమ్మ నమ్మలేనట్టు చూసింది. "అత్తా, నువ్వు కన్నతల్లివి గదా" అంది. అంతకంటే ఆమెకు మాట రాలేదు. వెనక నిలబడ్డ ముసలామెకు వచ్చింది. బావి దగ్గర ఎప్పుడూ ఆ మాట అనేది ఆమే. "అప్పుడు కడవ, ఇప్పుడు పడవ" అంది, అందరికీ వినబడేట్టు.

ఇక అవ్వ ఎప్పటిలా తల వంచుకుని ఇంటికి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, అట్ట ముందు దబ్బున కూర్చుంది. చిన్నమ్మ వంగి ఎర్ర పడవను లేపబోతే ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. "ఊరికే లేపితే లెక్కకు రాదు. పాపా, మళ్ళీ ఎట్టా లేపాల్నో చెప్పు" అని అక్కను అడిగింది. అక్క వేలితో సుడిగుండం చూపించి, ఇంకో పడవ వచ్చి ఆ గడిలో ఆగాలి అని చెప్పింది. "విన్నావా? కూసో అమ్మే. నీ చేత్తో తెచ్చి నీ మొగుణ్ణి లేపుకో" అని పసుపు పడవ చిన్నమ్మ చేతిలో పెట్టింది.

ఎవరైనా చూస్తే పిచ్చివాళ్ళనుకునేవారు. బయట సరుగుడు చెట్లు నేలకు వంగుతున్నాయి. ఇద్దరు మగవాళ్ళు ఏమయ్యారో తెలియదు. పంచలో పాళెం ఆడవాళ్ళంతా, పరాయి దేశం పిల్లల ఆట చుట్టూ కూర్చున్నారు. చిన్నమ్మ ముల్లు తిప్పింది. పసుపు పడవ కదిలింది. మళ్ళీ తిప్పింది. రేడియో సంగతి అందరూ మరిచిపోయారు. తిట్టాలని వచ్చినవాళ్ళు కూడా ముల్లు ఎక్కడ ఆగుతుందోనని మెడలు సాచారు. సుడిగుండం దగ్గరికి వచ్చి, అంకె ఎక్కువ పడి పసుపు పడవ దాటిపోయింది. చిన్నమ్మ మొహం చూడలేకపోయాను. "దారి గుండ్రంగానే ఉండాది గదా, మళ్ళా తిరిగి రా" అంది అవ్వ. చిన్నమ్మ మళ్ళీ మొదటినుంచి బయలుదేరింది.

రెండోసారి దగ్గరికి వచ్చినప్పుడు కూడా ముల్లు ఒక అంకె ఎక్కువే చూపించింది. నేను చూశాను. అవ్వ చిన్నమ్మ చేతి మీద తన చెయ్యి వేసి, పైకి లెక్కపెడుతూ పడవను తనే జరిపింది. లెక్కలో ఒక గడి మింగేసింది. చేపలను ఏనాడూ ఒక్కటి కూడా తప్పు లెక్కపెట్టని మనిషి. పసుపు పడవ సరిగ్గా సుడిగుండంలో ఆగింది. నేను ఆమె వైపు చూస్తే, ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు జ్ఞాపకం. అక్క కూడా గమనించింది. ఎన్నోసార్లు నన్ను తొండి అని కొట్టిన అక్క ఆ రోజు మాట్లాడలేదు.

చిన్నమ్మ ఎర్ర పడవను పట్టుకుని తిప్పి నిలబెట్టింది. నిలబెట్టి, అప్పటిదాకా రాని ఏడుపు మొదలుపెట్టింది. ఎవరిని తిట్టాలని వచ్చిందో ఆ అత్త ఒళ్ళోనే తల పెట్టుకుని ఏడ్చింది. అవ్వ ఆమె తడి జుట్టు ముడివేస్తూ, ఎవరి వైపూ చూడకుండా కూర్చుంది. తర్వాత అందరూ ఒడ్డుకు వెళ్ళారు. నన్ను, అక్కను రానివ్వలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదని తప్ప ఇంకేమీ చెప్పను.

తెల్లవారి గాలి తగ్గింది. మేమంతా ఒడ్డున ఉన్నాం. అవ్వ మాత్రం ఒంటరిగా, ఒక పక్కన నిలబడి ఉంది. ఎవరూ ఆమె దగ్గరికి వెళ్ళడం లేదు. మా అమ్మ కూడా వెళ్ళలేదు. అది నాకు చాలా బాధ అనిపించింది, కోపం కూడా వచ్చింది. నిజం చెప్పేయాలని నాలుక మీదిదాకా వచ్చేది. అవ్వ దూరం నుంచే తల అడ్డంగా ఊపేది. నేను వెళ్ళి ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి అక్క కూడా వచ్చి రెండో పక్కన నిలబడింది.

కృష్ణపట్నం వైపునుంచి ఒడ్డు వెంబడి కొందరు నడిచి వస్తూ కనబడ్డారు. మొదట నల్లటి చుక్కలు. తర్వాత మనుషులు. తర్వాత వాళ్ళలో ఒకరి నడక మా నాయన నడకని తెలిసింది. చిన్నాయనను పక్కన ఇద్దరు పట్టుకుని నడిపిస్తున్నారు. ఒడ్డంతా ఒక్కసారిగా పరుగెత్తింది. అవ్వ ఒక్క అడుగు కూడా వేయలేదు. ఇసుకలో అలాగే కూలబడింది.

నాయన నీళ్ళు తాగి, జరిగింది చెప్పాడు. వల ఎత్తుకుని తిరిగి వస్తుంటే పక్కనుంచి అల కొట్టిందట. వల పోయింది. "పడవ బోర్లాపడిపోయింది" అన్నాడు.

ఆ మాట అనగానే అందరి తలలూ అవ్వ వైపు తిరిగాయి. కొడుకులు ప్రాణాలతో వచ్చి ఎదురుగా కూర్చున్నా సరే, ఆ చూపుల్లో జాలి లేదు. అక్క అవ్వ భుజం గట్టిగా పట్టుకుంది. ఇదేమీ ఎరుగని నాయన తన మానాన తాను చెప్పుకుంటూ పోతున్నాడు. బోర్లాపడిన పడవ వీపెక్కి, దాని వెన్ను పట్టుకుని ఇద్దరూ పడుకున్నారట. పొద్దుగూకే వేళకు ఉప్పు మూటలతో పోతున్న పెద్ద పడవొకటి వీళ్ళను చూసి, గాలిలోనే తిరిగివచ్చి దగ్గర ఆగి, పైకి లాక్కుని కృష్ణపట్నంలో దించిందట. "నీళ్ళు నిండి నిటారుగా మునిగినుంటే పట్టుకునేదానికి ఏమీ ఉండేది గాదు. బోర్లాపడింది గాబట్టి బతికినాం" అన్నాడు.

ఇసుకలో కూలబడి ఉన్న మా అవ్వ అప్పుడు తల ఎత్తింది. ముక్కు చీదింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "అందుకే గదా బోర్లేసినా. నాకేమన్నా పనిలేకనా?" అంది.

ముందు చిన్నమ్మకు నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వు ఒడ్డంతా పాకింది. బావి దగ్గరి ముసలామె ఒక్కతే నవ్వలేదు. కానీ ఆ తర్వాత ఆమె నోట కడవ మాట నేను మళ్ళీ వినలేదు.

ఆ సాయంత్రం అవ్వ కోళ్ళను పట్టి, గంపను ఎంత గట్టిగా బోర్లించిందంటే లోపల కోళ్ళు గోల పెట్టాయి. ఆ గంప పక్కనే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. అడగకుండానే చెప్పింది. మా తాతయ్య పడవ తిరిగి రాని రోజున మా దొడ్లో ఒక కడవ బోర్లాపడి ఉందట. అవ్వ బోర్లించలేదు. కుక్క తోసిందో, గాలి తోసిందో. ఎవరూ అడగలేదు. ఒకరు చూసి ఒకరికి చెప్పారు, సాయంత్రానికి అది ఆమె పేరైపోయింది. అప్పుడు ఆమెకు ఇరవై ఏళ్ళు కూడా లేవు, మా నాయన చంకన ఉన్నాడు, చిన్నాయన కడుపులో ఉన్నాడు. "ఆ పొద్దు ఎవురన్నా ఒక్కరు, అది నేనే పెట్టినానని అనుంటే చాలు. అబద్ధమైనా సరే. ఒక్కరూ అన్లా" అంది.

నాయన వాళ్ళు రాకపోయి ఉంటే ఏం చేసేదానివని అడిగాను. కోళ్ళ గంప అంచును ఇసుకలోకి నొక్కింది. "చేపల గంప మోసే నెత్తికి, దాని మీద ఒక చాట పెడితే బరువా? ఆ పిల్ల నెత్తి లేతది" అంది. ఇంకో మాట కూడా అడిగాను. నిజంగా ఆట పడవ బోర్లించినందుకే మన పడవ బోర్లాపడిందా అని. అవ్వ నా వైపు విసుగ్గా చూసింది. ఏమో, నన్నడిగితే, సముద్రం నాకు చెప్పి చేసిందా అంది. లేచి వెళ్ళి, మర్నాటి కోసం కడిగిన చట్టిని ఎప్పటిలాగే గోడకు ఒరిగించి పెట్టింది.

ఆ చట్టి సంగతి నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. అవ్వకు ఆ నమ్మకం లేదు కాబట్టి తేలిగ్గా తన మీద వేసుకుందని చాలా ఏళ్ళు అనుకున్నాను. కాదు. ఆమె నమ్మింది. ఆ ఎర్ర పడవ బోర్లాపడి ఉండటం చూసినప్పుడు తన ఇద్దరు కొడుకులూ పోయారనే అనుకుంది. లోపల గుండె అలా పగులుతున్నప్పుడు కూడా, ఆమె కంటికి ఎదురుగా ఉన్న పరాయి పిల్ల మొహం కనబడింది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళల్లో నీళ్ళు వస్తాయి.

అక్క వాళ్ళు పాళెంలోనే ఉన్నారు. పెళ్ళయి నాయుడుపేట వెళ్ళేటప్పుడు అక్క ఎర్ర పడవను నా గుప్పిట్లో పెట్టింది. మా ఇంట్లోకి మొదటిసారి టీవీ వచ్చినప్పుడు, ఆ గడ్డం కెప్టెన్ ఒక్కసారైనా కనబడతాడేమోనని ఎదురుగా కూర్చుని ఎదురుచూశాను. వార్తలు చదివారు, తర్వాత పొలానికి ఎరువు ఎలా వేయాలో చెప్పారు. ఆయన రాలేదు.

ఇప్పుడు నేను నెల్లూరులో కూతురింట్లో ఉంటున్నాను. ఎర్ర పడవ ఇక్కడి టీవీ పక్కనే నిటారుగా నిలబడి ఉంటుంది. ఇంట్లో మనవలు, వాళ్ళ నేస్తాలు, పనికి వచ్చే చిన్నపిల్ల, అందరూ తిరుగుతుంటారు. ఏదో ఒకటి పగులుతుంది, ఏదో ఒకటి పోతుంది. నా కూతురు మంచిదే కానీ కోపం వస్తే మా అవ్వ నోరు వస్తుంది. "ఎవరు చేసింది ఇది?" అని నడింట్లో నిలబడి అరుస్తుంది. పిల్లల మొహాలు ఒకదాని వెంట ఒకటి పాలిపోతాయి. నాకు అక్క మొహం కనబడుతుంది.

"నేనే" అంటాను.

నాకు చూపు మందగించిందని, చేతులు వణుకుతున్నాయని మా వాళ్ళు అనుకుంటున్నారు. అనుకోనివ్వండి.